గుమస్తాని పక్కనపెట్టి కొట్టు మార్చొద్దు

పోయిన ఉగాది వేడుకల్లో, ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల వ్యాపార సదస్సులో వేదిక మీంచి ఒక మాట వచ్చింది: "ఊళ్లో మా కొట్లు మారకపోవడానికి పాత గుమస్తాలే అడ్డం." హాలంతా నవ్వింది. ఆ నవ్వు గుచ్చుకుంది. అక్కడ కూర్చున్న చాలామంది చదువులు ఆ గుమస్తాలు రాసిన పద్దుల మీదే నడిచాయి.

చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటర్‌కి మార్పు తప్పదు. టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారి మరో వ్యాపారికి వేసే బిల్లుకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్లో నమోదైన బిల్లు, ఉండాల్సిందే. దెబ్బ తగిలేది మార్చే తీరు దగ్గర.

గుంటూరు మిర్చి యార్డులో రైతుల సరుకు వ్యాపారులకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్టు తీసుకోండి. సంక్రాంతికి అమెరికా నుంచి కొడుకు వస్తాడు, సాఫ్ట్‌వేర్ పెట్టించి వెళ్లిపోతాడు. వెనకే ఫిబ్రవరి, మార్చి, సరుకు పోటెత్తే నెలలు. ఒకే పేరున్న ముగ్గురు రైతుల్ని గుమస్తా ఊరిని బట్టి, తండ్రి పేరుని బట్టి గుర్తుపడతాడు. కంప్యూటర్లో ముగ్గురూ ఒకే ఖాతాలో కలిసిపోతారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) రాయాల్సిన చోట కిలోలు పడతాయి. గోతం బరువుకి తీసే తరుగు ఒక బిల్లులో పోతుంది, ఇంకోదాంట్లో పోదు. రైతుకిచ్చిన అడ్వాన్సు పాత పుస్తకంలోనే ఉండిపోతుంది. బాకీ ఎంతో తేలనప్పుడు వసూలుకెళ్లే మనిషి గట్టిగా అడగలేడు. కొన్న వ్యాపారి "ముందు లెక్క తేల్చండి" అని చెక్కు ఆపుతాడు. రైతుకి మాత్రం డబ్బు ఇవ్వక తప్పదు. ఆ మధ్య రోజుల బ్యాంకు వడ్డీ కొట్టు మీదే పడుతుంది. అమ్మకం ఒక్క టిక్కీ తగ్గకపోయినా లాభం కరిగిపోయేది ఇక్కడే.

యార్డుకి వేసవి సెలవులిచ్చే మే, జూన్ రోజుల్లో మొదలుపెట్టండి. ముందు పేర్లు: ప్రతి ఖాతాకీ ఊరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు. తర్వాత బాకీలు: పార్టీకి బాకీ చీటీ పంపి సంతకం తీసుకున్నాకే ఆ మొత్తాన్ని కంప్యూటర్లో ఓపెనింగ్ బ్యాలెన్సుగా ఎక్కించాలి. కోల్డ్ స్టోరేజీ సరుకుని తేజ రకం వేరు, 334 రకం వేరు, రంగు పోయిన తాలు కాయ వేరుగా, లాట్ నంబరు వారీగా స్టోరేజీ ఇచ్చిన బాండ్లతో (రసీదులతో) సరిచూడాలి. ఆపైన రెండు నెలాఖర్లు దాటేదాకా పుస్తకం, కంప్యూటర్ రెండూ నడవాలి. రోజూ కొట్టు కట్టేముందు నగదు నిల్వ రెండింట్లోనూ ఒకటేనా చూడాలి. తేడా ఆ రాత్రే వెతకాలి, వారం పోతే దొరకదు. ఇది రెండింతల పని. ఒక కుర్రాణ్ణి అదనంగా పెట్టకపోతే గుమస్తా ఏదో ఒకటి వదిలేస్తాడు, వదిలేది కొత్తదాన్నే.

గుమస్తాల్లో మొండివాళ్లు లేరని కాదు. పుస్తకం చేతిలోంచి పోతే పట్టు పోతుందనుకునేవాళ్లున్నారు, లెక్క దాచేవాళ్లూ ఉన్నారు. కానీ ఏ పార్టీకి ఎంతదాకా అరువివ్వచ్చో ఉన్నది ఆయన తలలోనే. జీతం తగ్గదని, పని పోదని మొదటిరోజే మీ నాన్నగారి చేత చెప్పించండి. ఆ మాట లేకుండా ఆయన మనసు విప్పడు.

సాఫ్ట్‌వేర్‌కి పంపే డాలర్లలో కొంత ఆ కుర్రాడి జీతానికి తీసిపెట్టండి. ఈ సంక్రాంతికి వెళ్తే కంప్యూటర్ జోలికి పోకుండా, గుమస్తా పక్కన కూర్చుని ఆవర్జా (ఖాతాల పుస్తకం) చదవండి. వచ్చే సదస్సు నిర్వాహకులకు విన్నపం: యార్డు గుమస్తా ఒకాయన్ని వీడియోలో మాట్లాడించండి. మనకి శనివారం పొద్దున పెడితే అక్కడ సాయంత్రం, ఆయనకి వీలవుతుంది.