వీఆర్‌ఎఫ్‌వై కాకాకు హన్మకొండ నుంచి ఒక బహిరంగ లేఖ

వీఆర్‌ఎఫ్‌వై కాకా,

దండాలు. 1982 ఆగస్టుల జాన్ పోస్టెల్ అనే పెద్దమనిషి ఆర్‌ఎఫ్‌సీ 821 అని మెయిల్ సర్వర్లకు రూల్ బుక్కు రాసిండు, అండ్ల ఉన్నవ్ నువ్వు, ఫలానా పేరు ఈ సర్వర్‌ల ఉన్నదా అని అడిగే కమాండ్‌వు. అప్పటికి మా బాపుకు ఇంక లగ్గం గూడ కాలే. అందుకే కాకా అంటాన, ఏమనుకోకు.

మొన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన బాపు, కాంట అయ్యేదాక టైమున్నదని నయీంనగర్‌ల మా రూంకు వచ్చిండు. పరీక్షకు యాదికుండాలెనని నీ పేరు ఎర్ర స్కెచ్ పెన్నుతోని పెద్దగ రాసి గోడకు అతికిచ్చిన. బాపు కండ్లద్దాలు పైకి జరిపి ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివి, "వీఆర్వోలను 2020లనే తీసేసిండ్రు గదరా, మళ్ల ఈ వీఆర్‌ఎఫ్‌వై ఏంది, కొత్త పోస్టా, నోటిఫికేషన్ ఎన్నడు పడ్డది" అని అడిగిండు. నేను, నా రూమ్మేటు పడిపడి నవ్వినం. రాత్రి పండుకున్నంక మాత్రం అనిపిచ్చింది, బాపు చెప్పిందాంట్ల తప్పేమున్నదని. నువ్వు మెయిల్ సర్వర్ అనే ఊరికి వీఆర్వోవే. ఎవలన్న వచ్చి ఫలానాయన ఈ ఊర్ల ఉన్నడా అని అడిగితె రికార్డు సూసి చెప్పుడే నీ నౌకరి. ఉంటే 250, లేకుంటే 550, నీ జవాబులన్ని నంబర్లే. అడిగెటోడు ఎవడు, ఎందుకు అడుగుతాండు, నీకవసరం లేదు. చాయ్ గూడ తాగకుండ పని చేసిపెట్టిన ఒకే ఒక్క వీఆర్వోవి నువ్వు, అండ్లనే మునిగినవ్.

అప్పట్ల నెట్‌వర్క్ అంటే కొన్ని యూనివర్సిటీలు, కొన్ని రిసెర్చ్ ల్యాబులు, కొంత మిలిటరీ, అందరు అందరికి ఎరుకైనోళ్లే. మా ఊర్ల గడప కాడ చెప్పులు చూసి ఎవలొచ్చిండ్రో చెప్పినట్టు ఉంటుండె. గా కాలానికి నువ్వు కరెక్టే. తర్వాత జనం పెరిగిండ్రు, స్పామ్ పంపేటోళ్లు మోపైండ్రు, నీ కాడికొచ్చి పేర్లు రాసుకపోయి ఆ పేర్ల మీద పాస్‌వర్డులు గుద్ది చూసుడు షురూ చేసిండ్రు. ఇగ అడ్మిన్లందరు ఒక్కొక్కలు నీ నోరు కుట్టేసిండ్రు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ల అయితే ఒకటే లైను, డిసేబుల్ వీఆర్‌ఎఫ్‌వై కమాండ్ ఈక్వల్స్ యెస్, అంతే, ఇన్నేండ్ల సర్వీసు ఖతం. పాపం వీఆర్వోలనన్న లాటరీ తీసి వేరే డిపార్ట్‌మెంట్లల్ల సర్దిండ్రు, నిన్నెవలు సర్దలే. దీనికి పైన ఇంకో తమాషా, 2008ల కొత్త రూల్ బుక్కు ఆర్‌ఎఫ్‌సీ 5321 వచ్చింది గదా, అండ్ల గూడ ప్రతి సర్వర్‌కు తప్పకుండ ఉండాల్సిన కమాండ్ల లిస్టుల నీ పేరున్నది. ఉండాలె, గని మాట్లాడొద్దు. ఆఫీసుల కుర్చీ ఉంటది, టేబుల్ మీద నేమ్ ప్లేట్ ఉంటది, పని మాత్రం ఉండది.

నువ్వు మాట్లాడవు సరే, మరి నేను నిన్ను బట్టీ కొట్టుడు ఏంది? చౌరస్తా కాడ మెట్లెక్కి రెండో అంతస్తుల మా ఇన్‌స్టిట్యూట్, అండ్ల సారు వారానికి మూడుసార్లు అడుగుతడు, యూజర్ ఉన్నడో లేడో చూసేది ఏంది, వీఆర్‌ఎఫ్‌వై సార్, లిస్టు విప్పి చూపేది ఏంది, ఈఎక్స్‌పీఎన్ సార్, ఎవలకు చేరాల్నో చెప్పేది ఏంది, ఆర్‌సీపీటీ టూ సార్. ఎక్కం అప్పజెప్పినట్టే. సీఈహెచ్, అంటె సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్ పరీక్షల 125 ప్రశ్నలు, 4 గంటలు, ఎనుమరేషన్ అని, అంటె సిస్టంల ఉన్న పేర్లు ఒక్కొక్కటి రాబట్టుడు, ఒక పూరా చాప్టర్. మెయిల్ ఒక్కటే కాదు, నెట్‌బయాస్, ఎస్‌ఎన్‌ఎంపీ, ఎల్‌డ్యాప్ అనే వేరే నెట్‌వర్క్ పద్ధతులు అన్ని అండ్లనే. పేర్లు వరుసబెట్టి అడిగే స్క్రిప్టు ఆప్షన్లు గూడ యాదికుండాలె, స్మాల్ యూ అంటె ఒక్క పేరు, క్యాపిటల్ యూ అంటె పేర్ల ఫైలు. స్మాల్, క్యాపిటల్ తారుమారైతె మార్కు పాయె.

ల్యాబుల మొదటిసారి నిన్ను కలిసిన ముచ్చట చెప్త. 8 జీబీ ల్యాప్‌టాప్‌ల రెండు వర్చువల్ మెషీన్లు లేపిన, ఒకటి హ్యాకింగ్ నేర్చుకునేటోళ్లు వాడే కాలి లినక్స్, ఇంకోటి మెటాస్ప్లాయిటబుల్ 2, కావాల్నని ఓటిగ చేసిన మెషీను అది, కొట్టి నేర్చుకుంటందుకు. ఫ్యాను పిండి గిర్ని తీరుగ మొత్తుకుంటాంది. టెల్నెట్ కొట్టి మెయిల్ వచ్చే గేటు, పోర్ట్ 25కు పోయిన, 220 అని పలకరిచ్చి, తనది పోస్ట్‌ఫిక్స్ అని, ఉబుంటు మీద నడుస్తాన అని అడగకముందే జాతకం మొత్తం చెప్పింది. నేను మర్యాదగ హలో అని టైపు చేసిన, రెండు ఎల్‌లు పెట్టి. 502, గసొంటి కమాండే లేదు అని ముఖం మీద కొట్టింది. మీ ఇంట్ల పాత కమాండ్లన్ని నాలుగు అక్షరాలేనట, హెలోల ఎల్ ఒక్కటేనట. నీ పేర్లనైతె ఒక్క అచ్చు గూడ లేకపాయె కాకా, పిలుద్దామంటె నోరు తిరగది.

తర్వాత రూట్, అంటె మెషీనుకు పెద్దమనిషి, ఉన్నడా అని అడిగిన. 252 అన్నవ్. పుస్తకంల 250 అని ఉన్నది, ఈ 252 ఏందని వెతికితె తేలిందేందంటె, ఉన్నడో లేడో నేను చెప్పలేను, చిట్టీ ఇస్తే మాత్రం తీస్కుంట, అందజేస్తందుకు చూస్త. మండలాఫీసుల మా బాపు 2 ఏండ్లు విన్న జవాబు ఇదే, కాయితం పెట్టిపో చూద్దాం, అంతే. సరే ఇగ మల్లయ్య ఉన్నడా అని అడిగిన. 550, లేడు పో అన్నవ్. మళ్ల మెషీన్‌ల నిజంగ ఉన్న పేరు పెట్టి అడిగితె మళ్ల 252. అరే కాకా, లేనోన్ని లేడు అని ఖరాఖండిగ చెప్పి, ఉన్నోని దగ్గర మాత్రం చెప్పలేను అని గొణిగితె, ఉన్నడని అడిగినోనికి సమజ్ కాదా? దాసిపెట్టుడు గూడ సక్కగ రాకపాయె నీకు.

ఇగ స్క్రిప్టు పెట్టిన. నెట్‌ల దొరికే పేర్ల ఫైల్లల్ల అన్ని జాన్‌లు, స్మిత్‌లే. మనూరోళ్ల లిస్టు నేనే చేద్దామని కూసున్న, సమ్మయ్య, కొమురయ్య, ఐలయ్య, స్వరూప. ఒక్క సమ్మయ్యను ఇంగ్లీష్‌ల రాస్తందుకే నాకు అర్ధగంట పట్టింది. ఒక ఎమ్ పెట్టాల్నా రెండు పెట్టాల్నా, చివరికి హెచ్ ఉంటదా ఉండదా, నడుమల ఐ వస్తదా వై వస్తదా. మా మేనమామ సమ్మయ్యకు ఆధార్‌ల ఒక స్పెల్లింగు, రేషన్ కార్డుల ఇంకోటి, పట్టా పాసుబుక్కుల మూడోది. ఆయన మెయిల్ ఐడీ ఏందో ఆయనకే పక్క తెల్వదు, హ్యాకర్‌కేం తెలుస్తది. మన దిక్కు సెక్యూరిటీ అంటె ఇదే కాకా, ఫైర్‌వాల్ ఎందుకు, సమ్మయ్య అని పేరు పెట్టుకో సాలు.

నా రూమ్మేటు ఇంకో తీరు. వానికి ల్యాబు బోర్ కొట్టింది, పాత కాలేజీ మెయిల్ సర్వర్ మీద చూద్దామన్నడు. వద్దురా, పర్మిషన్ లేకుంట వేరేటోల్ల సిస్టంల వేలు పెడితె ఐటీ చట్టం 66 సెక్షను పడ్తది, 3 ఏండ్ల దాక జైలు, 5 లక్షల దాక జుర్మానా అని సారు నెత్తి నోరు కొట్టుకొని చెప్పిండు గదా అన్న. ఇనలే. ఎంటర్ కొట్టిండు. 10 నిమిషాలైనా కనెక్ట్ కాలే, ఎందుకంటె స్పామ్ పోకుండ చానా నెట్ కంపెనీలు బయటికి పోయే పోర్ట్ 25నే బందు పెడ్తయ్, మా రూం వైఫై గూడ అదే బాపతు. వాడు జైలుకు పోవాల్నన్నా తొవ్వ బందే. ఆ రోజు నుంచి ల్యాబుల్నే బుద్ధిగ కూసుంటాండు.

ఇగ మీ తమ్ముడు ఆర్‌సీపీటీ టూ ముచ్చట. నీ నోరు కుట్టేసిండ్రు, ఈఎక్స్‌పీఎన్‌ను పోస్ట్‌ఫిక్స్ అసల్ పెట్టుకోనే లేదు, గని ఆర్‌సీపీటీ టూను ఎవలు ఆపలేరు, ఎందుకంటె వాడు లేకుంటె మెయిలే లేదు. ఫలానా నుంచి ఉత్తరం తెచ్చిన, ఫలానాయనకు ఇయ్యాలె అంటె, సర్వర్ గేటు కాడనే చెప్పాలె, ఉన్నడా లేడా. అడిగెటోడు 250 అని ఇని, ఉత్తరం చేతుల పెట్టకుంటనే క్విట్ అని తిరిగిపోతడు. అన్నిటికి సరే అని తీసుకొని తర్వాత వాపస్ చేయొచ్చు గదా అని నేను సారును అడిగిన. కొరియర్ డబ్బా మీద ఫ్రమ్ అడ్రస్ దొంగది రాస్తె, వాపస్ పోయెడిది ఎవనింటికి, ఏం సంబంధం లేని జనగామ ఆయన గడపకు, గిట్ల వేల డబ్బాలు పోతె ఆయన గతేంది అన్నడు. బ్యాక్‌స్కాటర్ అంటరు దాన్ని. అందుకే మంచి సర్వర్ లేనోన్ని గేటు కాడనే లేడంటది, ఉత్తగ తిరిగెటోన్ని మాత్రం సతాయిస్తది. పోస్ట్‌ఫిక్స్ అయితె మామూలు సెట్టింగుల 10 తప్పులు దాటితె ఒక్కో జవాబుకు ఒక సెకను నానబెడ్తది, 20 అయితె కనెక్షనే తెంపుతది. అంటె పని చేయాలె, ఎక్కువ మాట్లాడొద్దు, గా ఉపాయం నీకెవలు చెప్పలే.

నాకు కోపం ఎక్కడొస్తదంటె, నిన్నొక్కన్ని నేరస్తున్ని చేసి మూల కూసోబెట్టిండ్రు, అదే పని ఊరంత చేస్తాంది. ఏ యాప్‌లనన్న ఫర్గాట్ పాస్‌వర్డ్ కొట్టి చూడు, ఈ నంబరుతోని అకౌంట్ లేదు అంటది, ఇంకో నంబరు కొడితె ఓటీపీ పంపినం అంటది. ఇది నీ 550, 250 కాదా? కాకుంటె కలర్ బటన్ ఉంటది, కింద సుట్టు తిరుగుతది. మా నక్కలగుట్ట రోడ్డు మీద రిజల్ట్ వచ్చిన రోజు ఫ్లెక్సీలు చూడు, ఫోటో, పేరు, హాల్ టికెట్ నంబరు, ఒక్కోటి తలుపంత సైజుల. పోర్ట్ తెరవాల్సిన పనే లేదు, ఆటోల కూసొని పోతె సాలు, లిస్టు ఫుల్.

మా బాపు ఇంకా ఒక మెట్టు పైన. మొన్న ఎవడో ఫోన్ చేసి మీ కొడుకు ఏడుంటడు, ఏం చదువుతాండు, నంబరేంది అంటె, నయీంనగర్ రూం కిరాయితో సహ చెప్పిండు. వాడు లోన్ యాపోడు, నాకు మూడు రోజులు ఫోన్లు ఆగలే. బాపూ, గట్ల అన్ని చెప్పొద్దు, 252 అనాలె, ఉన్నడో లేడో చెప్ప గని ఏమన్న ఉంటె నాకు చెప్పిపో అనాలె అని నీ గురించి గంట సేపు క్లాస్ చెప్పిన. నీ ల్యాబు సంగతి గూడ చెప్పిన, లేడు అని గూడ అనొద్దు అన్న.

పోయిన ఆదివారం పరీక్షిద్దామని రూమ్మేటు కొత్త సిమ్‌తోని నేనే చేసిన, గొంతు మార్చి, నర్సంపేట బ్యాంకు నుంచి మాట్లాడుతాన, మీ అబ్బాయి ఇంట్ల ఉన్నడా అన్న. బాపు కొంచెం ఆగి, "ఉన్నడో లేడో చెప్ప సారూ, ముచ్చటేందో చెప్పుండ్రి, కలిస్తె చెప్త" అన్నడు. కాకా, పానం సల్లవడ్డది. ఫోన్ పెట్టేద్దామనుకునే లోపల్నే, "సరే గని, అన్నం తిన్నవారా" అన్నడు.

ఇట్లు
నీ బిడ్డ అసొంటోడు,
నయీంనగర్, హన్మకొండ