అడ్మిరల్ బింగ్‌కు మరణశిక్ష ఎవరి తప్పుకు?

1757 మార్చి 14న పోర్ట్స్‌మత్ రేవులో, మోనార్క్ నౌక మీద బ్రిటిష్ అడ్మిరల్ జాన్ బింగ్‌ను సొంత నౌకాదళమే కాల్చి చంపింది. శిక్ష వేసిన కోర్టు మార్షలే (సైనిక న్యాయస్థానమే) ఆయన పిరికివాడు కాదని తేల్చింది. అయినా చంపక తప్పలేదు. ఎందుకు?

బింగ్ తండ్రి జార్జ్ బింగ్, 1718లో కేప్ పస్సారో యుద్ధం గెలిచిన అడ్మిరల్. కొడుకు ఆ ఏడాదే నౌకాదళంలో చేరాడు. పెద్ద పదవులు అందడంలో తండ్రి పేరు బాగానే పనిచేసింది. కానీ బింగ్‌ను అర్థం చేసుకోవాలంటే చూడాల్సింది 1744 నాటి టూలాన్ యుద్ధం. అక్కడ అడ్మిరల్ మాథ్యూస్ తన నౌకల వరుస సరిగ్గా కుదరకముందే శత్రువు మీదికి వెళ్లాడు. వెనక నౌకలను నడిపిస్తున్న లెస్టాక్ అనే అధికారి సాయానికి రాలేదు. చివరికి లెస్టాక్ నిర్దోషిగా బయటపడ్డాడు, పోరాడిన మాథ్యూస్ ఉద్యోగం పోయింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో బింగ్ ఒకడు.

1756లో మధ్యధరా సముద్రంలోని మినోర్కా ద్వీపంలో ఫ్రెంచివాళ్లు ముట్టడించిన బ్రిటిష్ కోటను ఆదుకోవడానికి బింగ్‌ను పంపారు. మే 20న అక్కడ ఫ్రెంచ్ నౌకాదళం ఎదురైంది. ముందున్న బ్రిటిష్ నౌకలు దెబ్బలు తింటున్నాయి. వరుస వదిలి ముందుకు పోదామని కెప్టెన్ అడిగితే, బింగ్ మాథ్యూస్‌కు పట్టిన గతిని గుర్తుచేసి ఒప్పుకోలేదు. అది భయమే, కాకపోతే శత్రువు మీద కాదు, కోర్టు మీద.

తర్వాత కోటలోని సైన్యాన్ని వదిలేసి బ్రిటిష్ స్థావరమైన జిబ్రాల్టర్‌కు తిరిగి వెళ్లడం మాత్రం నా దృష్టిలో క్షమించలేని నిర్ణయం. ఆ సైన్యం మరో నెలకు పైగా నిలబడి పోరాడింది. అయితే చాలినంత సిబ్బంది లేని నౌకలతో, ఆలస్యంగా బింగ్‌ను పంపింది అప్పటి ప్రధాని న్యూకాజిల్ ప్రభుత్వం. జనం కోపం తమ మీదికి రాకుండా బింగ్ నివేదికలో తమకు ఇబ్బందైన భాగాలు తీసేసి ప్రచురించిందీ అధికారులే.

1749లో మార్చిన చట్టం ప్రకారం, యుద్ధంలో శాయశక్తులా ప్రయత్నించని అధికారికి మరణం తప్ప వేరే శిక్ష లేదు. అందుకే న్యాయమూర్తులు మరణశిక్ష వేసి, దయ చూపమని వాళ్లే ముక్తకంఠంతో కోరారు. అప్పటి మంత్రి విలియం పిట్ కూడా అడిగాడు. రెండో జార్జ్ రాజు వినలేదు.

తక్కువ శిక్ష వేసే వీలు కల్పిస్తూ 1779లో చట్టం మార్చారు. 2007లో బింగ్ వంశస్థులు క్షమాభిక్ష కోరితే బ్రిటిష్ రక్షణ శాఖ నిరాకరించింది. చట్టం తప్పని పార్లమెంటే ఒప్పుకుని దిద్దుకున్నాక, ఆ క్షమాభిక్ష ఇచ్చి ఉండాల్సింది.