పరీక్ష విశాఖలో సరే, మాత్ర కోసమూ నెలనెలా రైలెక్కాలా?

ఒడిశాలోని రాయగడలో మా అక్క కొడుకు మూడో తరగతి. లెక్క మొదలుపెడతాడు, సగంలో లేచిపోతాడు. కుదురు లేదని ఇంట్లో, అల్లరివాడని బళ్లో అనుకున్నారే తప్ప, అది ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవక కుదురు లేకుండా చేసే సమస్య, కావచ్చని ఎవరికీ తట్టలేదు. చివరికి విశాఖ తీసుకెళ్లాం.

దీన్ని తేల్చడానికి రక్తపరీక్షలూ స్కానింగులూ ఉండవు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బళ్లోనూ కనబడాలి. అంటే టీచరు మాట కావాలి. మావాడి టీచరు రెండు పేజీలు ఒడియాలో రాసిచ్చారు. డాక్టరుకు ఒడియా రాదు. నేను ఒడియా మీడియంలో చదివాను కాబట్టి, బయట బెంచీ మీద కూర్చుని తెలుగులో రాసిపెట్టాను. ‘పక్కవాడి పెన్సిలు లాక్కుంటాడు, వాడు ఏడిస్తే వీడూ ఏడుస్తాడు’ అన్న చోట అక్క కళ్లు తుడుచుకుంది. రాసిపెట్టే మనిషి లేని తల్లులు ఏం చేస్తారు?

అయినా ఆ ప్రయాణం ఒకటి రెండుసార్లే. మనుషుల్ని కుంగదీసేది ఆ తర్వాత నెలనెలా మాత్ర. దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకానికి గట్టి కట్టుబాట్లున్న జాబితాలోది. మందుల చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపులో రెండేళ్లు దాచాలి, అమ్మడానికి విడిగా లైసెన్సు ఉండాలి. మా బజార్లో ఏ మెడికల్ షాపూ దాన్ని పెట్టుకోదు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియో కాల్‌లో రాయడానికీ వీల్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, ఈ చీటీ దొరకదు. దీనికే వాడే ఇంకో మందు అటామాక్సెటిన్ షెడ్యూల్ ఎక్స్‌లో లేదు గానీ మావాడికి అది పడలేదు.

దుర్వినియోగం భయం నిజమే, కట్టుబాట్లు ఎత్తెయ్యమని నేననను. కానీ షెడ్యూల్ ఎక్స్ నిబంధన అడిగేది రిజిస్టర్డ్ డాక్టరు చీటీనే. మందు మొదలుపెట్టడం, మోతాదు కుదర్చడం స్పెషలిస్టు పని. ఆపైన ఎత్తు, బరువు, నాడి, బీపీ చూడటం, ఆకలీ నిద్రా ఎలా ఉన్నాయో అడగడం మా వీధి డాక్టరు చేయగలిగిందే. స్పెషలిస్టు వివరంగా ఒక లెటరు రాసిచ్చి ఆరు నెలలకోసారి రమ్మంటే, జిల్లా ఆసుపత్రిలో ఈ మాత్ర ఉంచితే, ఇన్ని తిప్పలుండవు. మేం అడిగితే ఇక్కడి డాక్టరు “నాకెందుకమ్మా రిస్క్” అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన చేతికి ఏ కాగితమూ రాలేదు మరి.

పోయిన నెల అక్కకు జ్వరం వచ్చి విశాఖ వెళ్లలేకపోయింది. నాలుగు రోజులు మాత్ర లేదు. లెక్కల పరీక్ష ఆ నాలుగు రోజుల్లోనే పడింది.