టెట్‌లో 30 మార్కుల సైకాలజీ, సిలబస్‌లో లేని అసలు సంగతి

మన తెలుగువాళ్లలో సైకాలజీ ఎక్కువమంది చదివేది యూనివర్సిటీల్లో కాదు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కోచింగ్ సెంటర్లలో. 150 మార్కుల్లో 30 శిశు వికాసం, పెడగాజీకే కదా, అందుకని పియాజె దశలు, పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, అన్నీ బిట్లు బిట్లుగా బట్టీ కొట్టడమే. నేను బీఈడీ చేసినప్పుడూ ఇదే తంతు, ఎవరిది ఏ సిద్ధాంతమో జతపరచడం బాగానే వచ్చింది గానీ అది ఎంతమంది పిల్లల మీద చేసి తేల్చారు, తర్వాత ఇంకెవరైనా మళ్లీ చేసి చూశారా అనే మాటే ఏ క్లాసులోనూ రాలేదు.

మార్ష్‌మాలో కథ చూడండి, పేరెంట్స్ మీటింగుల్లో అందరూ చెప్పేదే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు నాలుగేళ్ల పిల్లల ముందు మార్ష్‌మాలో లాంటి మెత్తటి మిఠాయి ఒకటి పెట్టి, నేను వచ్చేదాకా తినకపోతే రెండిస్తా అన్నాడు, ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో ముందున్నారు, కాబట్టి ఓపిక ఉంటేనే పైకొస్తారు. కథ ఇక్కడే ఆపేస్తారు. కానీ వాళ్లంతా ఆ యూనివర్సిటీ క్యాంపస్ నర్సరీ పిల్లలు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల డేటాతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది, ఇంటి పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది.

నాకైతే 2013లో సెలెస్ట్ కిడ్ వాళ్లు చేసింది ఇంకా బాగా పట్టుకుంది. 28 మంది పిల్లలు, ముందు అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, ఆగు కొత్తవి తెస్తా అన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చారు, మిగతా సగానికి అయిపోయాయమ్మా అని ఉత్త చేతుల్తో వచ్చారు. ఆ తర్వాత మిఠాయి. మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే. మా బడిలో చిక్కీ చేతికి రాగానే నోట్లో వేసుకునే పిల్లాణ్ణి ఆత్రగాడు అనేస్తాం, రేపు ఇస్తామన్నవి వాడికి ఎన్నిసార్లు అందలేదో మనం చూశామా?

ఇదొక్కటే కాదు. 2015లో బ్రయాన్ నోసెక్ నడిపించిన బృందం సైకాలజీలోని 100 పరిశోధనల్ని మళ్లీ చేస్తే 36 శాతంలోనే గట్టి ఫలితం మళ్లీ వచ్చింది. ఇది విని సైకాలజీ అంతా ఉత్తదే అనేవాళ్లతో నేను ఒప్పుకోను, తన తప్పు తానే బయటపెట్టుకున్న శాస్త్రం అది, ప్రయోగానికి ముందే దాని ప్లాన్ రిజిస్టర్ చేయడం, డేటా అందరికీ తెరిచి పెట్టడం ఆ దెబ్బతోనే బాగా ఊపందుకున్నాయి.

ఎలా తేల్చారు, మళ్లీ చేస్తే వస్తుందా అని అడిగే ఈ అలవాటే కౌన్సెలింగ్ కెరీర్ కోసం చదివేవాళ్లకీ కావాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ కోర్సులు ఆపేయమని 2025లో యూజీసీ చెప్పింది సరే, కానీ రెగ్యులర్ క్లాసులో కూర్చోబెట్టి కూడా మళ్లీ బిట్లే చెప్తే ఏం మారినట్టు?

బీఈడీలో ఒక్క ప్రాక్టికల్ ఇలా పెట్టి చూడండి: పుస్తకంలోని ఒక చిన్న జ్ఞాపకశక్తి ప్రయోగం తీసుకుని క్లాసంతా కలిసి తలా ఐదుగురి మీద చేసి లెక్కలు బోర్డు మీద వేయాలి, పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే ఎందుకు రాలేదో ఆ గంటంతా దాని గురించే మాట్లాడుకోవాలి.