లెగ్ గార్డ్ బండికి రక్షణ, కాలికి కాదు

కొత్త మోటార్‌సైకిల్ షోరూమ్ దాటకముందే లెగ్ గార్డ్ బిగించుకోవడం మన దగ్గర దాదాపు ఆనవాయితీ. సీటు కవరు, ట్యాంకు కవరుతో పాటు అదీ బిల్లులో ఒక పద్దుగా చేరిపోతుంది. బండి పడితే కాలు విరగకుండా ఆ పైపు అడ్డుకుంటుందన్నది కొనేవారి నమ్మకం. ఆ నమ్మకానికి ఉన్న ఆధారం చాలా బలహీనం.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన తొమ్మిది వందలకు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను ఘటనాస్థలాలకు వెళ్లి పరిశీలించి 1981లో ఒక నివేదిక వెలువరించింది. గాయాలను నివారించే సాధనంగా క్రాష్ బార్లు, అంటే మన లెగ్ గార్డులు, పనికిరావని అందులో తేల్చారు. పాదానికి, చీలమండకు తగిలే దెబ్బలు తగ్గాయి గానీ తొడ, మోకాలు, మోకాలి కింది భాగానికి తగిలేవి పెరిగాయి. ఢీకొన్నాక కాలు ఫుట్‌రెస్ట్ మీద నిలవకపోవచ్చు. శరీరం ముందుకు దూసుకుపోతుంటే మోకాలు వెళ్లి ఆ పైపుకే తగలవచ్చు, లేదా పైపుకూ ఎదుటి వాహనానికీ మధ్య కాలు ఇరుక్కోవచ్చు. లాస్ ఏంజెలెస్ రోడ్లు మన రోడ్లు కావు, అక్కడి బండ్లు మన బండ్లు కావు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేము. అయితే మోకాలికీ ఇనుప పైపుకీ మధ్య జరిగేది ఏ ఊళ్లోనైనా ఒకటే.

1980 దశకంలో బ్రిటన్ ప్రభుత్వ రవాణా పరిశోధనశాల కాళ్లకు కవచాల్లాంటి రక్షణ భాగాలను ప్రతిపాదించినప్పుడు, కాలిని పట్టి ఆపితే శరీరం కదిలే తీరు మారి తలకు ప్రమాదం పెరగవచ్చని తయారీ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. ఇలాంటి పరికరాలను ఎలా పరీక్షించాలో నిర్దేశించే ఐఎస్ఓ 13232 అనే అంతర్జాతీయ ప్రమాణం 1996లో వచ్చింది. ప్రయోగశాలల్లోనే అంత చర్చ నడిచిన విషయాన్ని మనం పైపు మందం చూసి తేల్చేస్తున్నాం.

అలాగని గార్డు వృథా అనడం లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఇసుక మీద యూటర్న్ తిప్పుతూనో, మెత్తటి నేలలో సైడ్ స్టాండు దిగబడో అది ఒరిగిపోతే ఇంజిన్ కవరు పగిలి ఆయిల్ కారిపోవచ్చు, బ్రేకు పెడల్ లోపలికి వంగిపోవచ్చు. ఊరికి దూరంగా అలా జరిగితే ప్రయాణం అక్కడితో ఆగినట్టే. ఈ నష్టాన్ని మంచి గార్డు చాలావరకు ఆపుతుంది. సిలిండర్లు రెండు పక్కలకూ పొడుచుకుని ఉండే బీఎండబ్ల్యూ బాక్సర్ ఇంజిన్ బండ్లకైతే దాని అవసరం మరీ ఎక్కువ. నెమ్మదిగా పడినప్పుడు బండి పూర్తిగా నేలకు అంటుకోకపోవడం వల్ల కాలికి కాస్త చోటు మిగలవచ్చు. అదనపు లాభం అంతవరకే.

మంచి గార్డు అంటే ఏదన్న ప్రశ్నకు జవాబు దాన్ని బిగించే చోటులో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ పుత్లీబౌలిలోనైనా అడగాల్సింది ఎంత దిట్టమైన పైపు అని కాదు, ఏ బోల్టుకు పట్టిస్తారని. ఛాసిస్ ముందు గొట్టానికి ఒక్క క్లాంపుతో వేలాడదీసిన గార్డు పడగానే తిరిగిపోయి ట్యాంకుకో ఇంజిన్‌కో గుచ్చుకుంటుంది. ఇంజిన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంటు బోల్టుల దగ్గర, ఒక్కో పక్క కనీసం రెండు చోట్ల పట్టు ఉండి, కింది భాగం ఎడమ కుడి పక్కలను కలిపే అడ్డకడ్డీతో ఉన్నదైతే దెబ్బను పంచుకుంటుంది. పాత బోల్టు తీసి పొడవైనది వేస్తున్నప్పుడు దాని గట్టిదనం పాతదానికి తగ్గకూడదు, బిగింపు కంపెనీ చెప్పిన టార్క్‌కే, అంటే బోల్టు తిప్పే బలానికే, ఉండాలి. మరీ మొండిగా ఉండి ఏమాత్రం వంగని గార్డూ మంచిది కాదు. తాను వంగితే పోయే దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది, గార్డు ధర ఎక్కడ, ఛాసిస్ మార్పిడి ఎక్కడ! హ్యాండిల్ కంటే వెడల్పుగా రెక్కలు చాపిన గార్డుల మీద నాకు ఏమాత్రం సదభిప్రాయం లేదు. ట్రాఫిక్‌లో పక్క బండికి చిక్కుకునేవీ, వేగంలో నేలకు తగిలి బండిని పల్టీ కొట్టించేవీ అవే.

చట్టం దగ్గర అయోమయం ఉంది. కార్ల ముందు బిగించే ఇనుప చట్రాలు, అంటే బుల్ బార్లు, వద్దంటూ 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాశాక, ద్విచక్ర వాహనాల గార్డులూ నిషేధమేనన్న ప్రచారం సాగింది. బండికి అనుమతి లేకుండా చేసే మార్పుకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తరువాత ఒక్కోదానికి ఐదువేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. మరోపక్క కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు తప్పనిసరి చేసింది. లెగ్ గార్డ్ మాటే అందులో లేదు. చట్టం కోరిన శారీ గార్డును అందం కోసం పీకేసి, అది అడగని లెగ్ గార్డును డబ్బిచ్చి తగిలించుకునేవారు మనలో తక్కువేమీ కాదు. వెడల్పు ఎంతవరకు ఉండవచ్చో, ఎక్కడ బిగించాలో చెప్పే స్పష్టమైన నియమాన్ని రవాణా శాఖ ఇస్తే చెకింగ్‌లో వాదనలు తగ్గుతాయి, నాసిరకం సరుకూ తగ్గుతుంది. అప్పటిదాకా బండి తయారుచేసిన కంపెనీయే ఆ మోడల్‌కు అమ్మే గార్డును తీసుకోవడం మేలు.

కాలి సంగతికి వస్తే, చీలమండ దాటి కప్పే బూట్లు, మోకాలి ప్యాడ్లు చేసే పని గార్డు చేయదు. గార్డుకూ బూట్లకూ రెండింటికీ డబ్బు లేదంటే ముందు కొనాల్సింది బూట్లే. ఇక ఒకసారి గట్టిగా పడి వంగిన గార్డును గ్యాస్ మంటతో వేడిచేసి, సుత్తితో సరిచేసి, రంగు వేయించి మళ్లీ బిగించడం మన మెకానిక్ షెడ్లలో మామూలే. అలా వంచి తీసిన పైపు రెండోసారి ఏ మేరకు తట్టుకుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక దాన్ని మార్చేయాలి, మార్చేటప్పుడు మౌంటు బోల్టులు, వాటి చుట్టూ ఉన్న వెల్డింగు కూడా విప్పి చూపించుకోవాలి.