మిగిలిన 19,878 డాలర్ల లెక్క మన దగ్గర తేలింది

అమెరికా వాళ్ళకు లెక్కలు రావని నేననను. ఓపిక తక్కువ, అంతే. 2016లో అక్కడి పరిశోధకులు 12 రాష్ట్రాల్లోని 24 ప్రభుత్వ మెడికల్ కాలేజీల నుంచి పదివేల పైచిలుకు డాక్టర్ల జీతాలు ముందేసుకుని కూర్చున్నారు. మగ డాక్టరుకూ ఆడ డాక్టరుకూ సగటున ఏడాదికి 51,315 డాలర్ల తేడా తేలింది. వయసు వల్ల కావచ్చు, అనుభవం వల్ల కావచ్చు అనుకున్నారు. స్పెషాలిటీ, హోదా, రాసిన పేపర్లు, తెచ్చిన గ్రాంట్లు, ఇలా న్యాయంగా పక్కన పెట్టాల్సినవన్నీ పెట్టేశారు. అయినా 19,878 డాలర్లు మిగిలిపోయాయి. ఆడ ఫుల్ ప్రొఫెసరు జీతం, ఒక మెట్టు కిందుండే మగ అసోసియేట్ ప్రొఫెసరు జీతం దగ్గరే ఆగిపోయింది. ఒక్క రేడియాలజీలో మాత్రం ఆడవాళ్ళకే కాస్త ఎక్కువ వచ్చిందట. చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలు, స్కానింగుల రిపోర్టులు రాసే శాఖ కదా, ఎవరు ఆడో ఎవరు మగో కనబడి ఉండదు.

ఆ మిగిలిన సొమ్ముకు కారణం అంతుచిక్కక వాళ్ళు పేపరు అచ్చేసి ఊరుకున్నారు. మా పాలమూరు, నల్లగొండల వైపు ఒక్కసారి వచ్చి ఉంటే ఆ అవస్థ తప్పేది. ఇక్కడ ఆ కారణాన్ని ఎవరూ దాచరు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నగా అడుగుతారు.

మొదటి ప్రశ్న, "పీజీ ఎక్కడ చేసిండ్రు మేడం?" రెండోది, "మీ సారు ఏం చేస్తరు?"

ఏదో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ అనుకోండి, పేరెందుకు. ఛైర్మన్ గారి గది. ఆయన ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను. మేడం తమ ఆయన హైదరాబాదులో కార్డియాలజిస్టని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోతుంది. "ఇంకేం మేడం, మీకు పైసల టెన్షన్ లేదు" అంటూ కాగితం మీది అంకెను కొట్టేసి, కింద ఇంకో అంకె వేస్తారు. పిల్లలెందరని అడిగితే ఇద్దరని చెబుతుంది. "మరి లీవులు గట్రా పెడ్తరు కదా" అంటూ ఇంకో అంకె.

అరగంట తర్వాత అదే కుర్చీలో ఆమె క్లాస్‌మేటే కూర్చుంటాడు. అదే పీజీ, అదే ఏడాది పాసైనవాడు. అతనికీ ఇద్దరు పిల్లలే. "అయ్యో, ఇద్దరంటే స్కూలు ఫీజులకే ఎంతైతది డాక్టర్ సాబ్!" అని ఛైర్మన్ గారు నొచ్చుకుని, అంకె పక్కన ఇంత కలుపుతారు. పిల్లలు తల్లి జీతాన్ని తగ్గించి తండ్రి జీతాన్ని పెంచే ఈ గుణం పీడియాట్రిక్స్ పుస్తకాల్లో ఇంకా ఎక్కినట్టు లేదు.

ఇది వివక్ష అంటే నేనొప్పుకోను. ఇది పన్ను. నెలకు 200 రూపాయల వృత్తి పన్ను పే స్లిప్పులో కనబడితే ఎవరైనా కాదంటున్నారా? దాని కిందే "భర్త పన్ను" అని ఇంకో గడి పెడితే సరిపోతుంది. దాన్ని జీతంలోనే కలిపి కోసేస్తున్నారు కాబట్టే ఇన్ని అపార్థాలు.

ప్రభుత్వ కాలేజీల సంగతి వేరు. అక్కడ స్కేలంటే స్కేలే. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఏ కాలేజీలోనైనా అసిస్టెంట్ ప్రొఫెసరు ఆడైతే ఒక బేసిక్, మగైతే ఇంకో బేసిక్ అని ఉండదు. 1976లో సమాన వేతన చట్టం రాసినవాళ్ళు చూస్తే మురిసిపోదురు. ఎటొచ్చీ సాయంత్రం నాలుగు దాకానే. కొత్తగా చేరేవాళ్ళు సొంత ప్రాక్టీసు పెట్టకూడదని 2022లో రూలొచ్చింది గానీ, పాత సార్లకు ఆ బెంగ లేదు. సారు క్లాక్ టవర్ పక్కన నర్సింగ్ హోముకు, మేడం హైదరాబాదు బస్సుకు. పోను వంద, రాను వంద కిలోమీటర్లు. పక్క సీటు పెద్దమ్మ షుగరు రిపోర్టు తీసి చేతిలో పెడితే చూసి చెప్పడమే ఆమె ప్రైవేటు ప్రాక్టీసు. ఫీజు కింద రెండు బత్తాయిలు. నల్లగొండ బత్తాయే, కాదనను.

పని పంపకంలో మాత్రం మేడమ్‌లకు అన్యాయం జరగలేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీకి ఆడమనిషే అధ్యక్షురాలుగా ఉండాలని 2013 చట్టం అంటుంది, అది సరే. చట్టం అడగనివి కూడా వాళ్ళకే ఇచ్చారు. హాస్టల్లో ఆడపిల్లల ఏడుపులు, ఫ్రెషర్స్ డే రిహార్సళ్ళు, ఇన్‌స్పెక్షన్ వాళ్ళకు బొకేలు. కొనుగోళ్ళ కమిటీలోకి మాత్రం రానివ్వరు. టెండర్ ఫైళ్ళు బరువుంటాయి, పాపం మోయలేరు.

పేషెంట్లు కూడా లెక్క తెలిసినవాళ్ళే. ఓపీలో మేడం ఇరవై నిమిషాలు చూసి, మందులు రాసి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పాక, ముసలాయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ అడుగుతాడు: "మంచిదమ్మా, ఇంతకీ డాక్టర్ సారు ఎప్పుడొస్తడు?"

భర్త పన్ను ఎలాగూ ఖాయం కాబట్టి, దానికి రేట్ల పట్టిక ఉంటే మేలని నా మనవి. భర్త కార్డియాలజిస్టయితే ఇంత, సాఫ్ట్‌వేరయితే ఇంత, రియల్ ఎస్టేటయితే అతని నోటిమాట మీద కాకుండా రిజిస్ట్రేషన్ కాగితాలు చూసి ఇంత. పెళ్ళికానివాళ్ళు తండ్రి ఉద్యోగం రాయాలి. ఇద్దరూ ఒకే కాలేజీలో చేరితే ఇప్పుడున్న పద్ధతే చాలు. "ఇద్దరికి కలిపి ఇంత" అని చెప్పి, ఎవరికెంతో అకౌంట్స్ వాళ్ళకు వదిలేయడం.

ఒక్క చిక్కు మాత్రం తేలలేదు. మొగుడు ఉద్యోగం మానేసి సూపర్ స్పెషాలిటీ పరీక్షకు చదువుకుంటూ ఇంట్లో కూర్చుంటే, అప్పటిదాకా కోసిన పన్ను మేడమ్‌కు తిరిగిస్తారా? ఈ అనుమానంతో ఒకావిడ అర్జీ పెట్టుకుందనుకుందాం. మన హెచ్చార్ వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. ఇస్తాం మేడం, ఇబ్బందేం లేదు, దీని మీద మీ సారు సంతకం పెట్టించుకు రండి.