సెల్టిక్ దేవతలకు శాఖలు పంచొద్దు

నెట్‌లో సెల్టిక్ దేవతల గురించి, అంటే పూర్వం గౌల్, బ్రిటన్, ఐర్లండ్ లాంటి చోట్ల జనం కొలిచిన దేవతల గురించి వెతికితే ముందు వచ్చేవి జాబితాలే. లూగ్ సూర్యుడట, మోరిగన్ యుద్ధ దేవత, ఎపోనా గుర్రాల దేవత, సెర్నునోస్ అడవి దేవుడు. మంత్రివర్గంలో శాఖలు పంచినట్టు ఒక్కొక్కరికీ ఒక పని. ఇలా చదివితే ఆ దేవతలు ఎప్పటికీ అర్థం కారు.

వీళ్లంతా ఒకే చోటివాళ్లు కాదు. ఎపోనా గౌల్ దేవత, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతానిది. రోమన్ గుర్రపు దళాలు ఆమెను దూరదూరాలకు తీసుకెళ్లాయి. సెర్నునోస్ పేరు కనిపించేది పారిస్‌లో నోటర్‌డామ్ చర్చి కింద దొరికిన 1వ శతాబ్దపు స్తంభం మీద. కొమ్ములున్న బొమ్మ ఉంది, కథ మాత్రం ఒక్కటీ మిగల్లేదు. మోరిగన్, లూగ్‌ల కథలు బోలెడు. కానీ అవి ఐర్లండ్ కథలు, క్రైస్తవ సన్యాసులు శతాబ్దాల తర్వాత రాసిపెట్టినవి.

శాఖలు పంచే అలవాటు గౌల్‌ను జయించిన రోమన్ సేనాని జూలియస్ సీజర్ నాటిది. గౌల్ గురించి రాస్తూ అక్కడి దేవుళ్ల సొంత పేర్లే చెప్పలేదు. జనం మెర్క్యురీని ఎక్కువగా కొలుస్తారని, అపోలో రోగాలు పోగొడతాడని, మినర్వా చేతిపనులు నేర్పుతుందని రోమ్ పేర్లతో సరిపెట్టాడు. గెలిచినవాడు వేసిన లెక్క అది. మనం ఇంకా అదే లెక్కలో ఖాళీలు నింపుతున్నాం.

దీనికి ఐరిష్ కథలోనే జవాబుంది. లూగ్ రాజు ఉండే తారా కోట గుమ్మం దగ్గరికి వస్తే, ఏ విద్యా లేనివాడికి ప్రవేశం లేదంటాడు కాపలావాడు. వడ్రంగిని అంటే మాకున్నాడంటాడు. కమ్మరిని అన్నా, వీరుణ్ని అన్నా, కవిని అన్నా, వైద్యుణ్ని అన్నా అదే మాట. చివరికి లూగ్ అడుగుతాడు: ఇవన్నీ వచ్చినవాడు మీలో ఒక్కడైనా ఉన్నాడా? అలాంటివాణ్ని సూర్యుడు అన్న ఒక్క మాటతో తేల్చేస్తామా?

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో వేడినీటి ఊట దేవత సులిస్. రోమన్లు ఆమెను మినర్వాతో కలిపేశారు. కానీ జనం తమ మొక్కులు, శాపాలు రాసి వేయగా ఆ ఊటలో దొరికిన సుమారు 130 లోహపు రేకులు చదివితే జనం ఆమెను ఏం అడిగారో తెలుస్తుంది. డోసిమెడిస్ అనే అతని చేతి తొడుగులు ఎవరో కొట్టేశారు. ఆ దొంగకు మతి పోవాలి, కళ్లు పోవాలి అని మొక్కుకున్నాడు. ఆ ఊట దగ్గర న్యాయం చేయాల్సింది కూడా ఆమే. అలాంటి తల్లి పేరు పక్కన 'వైద్యం' అని రాసి ఊరుకోవడం అన్యాయం.

ఇక బ్రిజిడ్. 2023 నుంచి ఐర్లండ్ ప్రభుత్వం ఏటా ఫిబ్రవరి మొదట్లో ఆమె పేరిట సెలవు ఇస్తోంది. ఆ దేశంలో ఒక స్త్రీ పేరు మీద వచ్చిన మొదటి ప్రభుత్వ సెలవు ఇదే. సెలవు కిల్డేర్‌కు చెందిన సెయింట్ బ్రిజిడ్‌ది. కానీ కోర్మాక్ నిఘంటువు అనే పాత ఐరిష్ పదకోశంలో బ్రిజిడ్ అంటే దగ్దా అనే దేవుడి కూతురు, కవులు కొలిచే దేవత. అదే పేరుతో ఆమెకు ఇద్దరు తోబుట్టువులు, ఒకరిది వైద్యం, ఇంకొకరిది కమ్మరం. మరో కథలో, కొడుకు రువాదాన్ చనిపోయినప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపే ఐర్లండ్‌లో వినిపించిన మొదటి శోకం. జాబితాల్లో మాత్రం ఆమె వసంత దేవత, అంతే.

దేవతే సెయింట్ వేషం వేసుకుందని తేల్చేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. దేవత గురించి చెప్పే ఆ నిఘంటువు సుమారు క్రీ.శ. 900 నాటిది. సెయింట్ జీవితం రాసిన కోగిటోసస్ అంతకు రెండు శతాబ్దాల ముందువాడు. అంటే రాతల్లో ముందు కనిపించేది సెయింటే.